పొంగు రాకముందే

కాఫీ పొంగితే పాడైపోతుందని నలభై ఆరేళ్ళ వయసులో, అదీ మా ఇంట్లో అంట్లు తోమే మనిషి చేత చెప్పించుకున్నాను. మా వైపు కొత్తింట్లో కాలు పెడితే ముందు పాలు పొంగిస్తాం. పొంగి పొయ్యి మీద పడితేనే ఇంటికి కలిసొస్తుందని నమ్ముతాం. బహ్రెయిన్ వచ్చి ఈ సనాబిస్ ఫ్లాటులో దిగిన రోజున తూర్పు ఎటో తెలియక, మా ఆయన ఫోనులో చూసి చెబితే అటు తిరిగి నిలబడి మరీ పొంగించాను. అలాంటి చేతిని పొంగు రాకముందే గిన్నె దించమంటే ఎక్కడ వింటుంది?

ఆ చెప్పిన మనిషి గౌరవ్వ. జగిత్యాల దగ్గర పల్లె. దుబాయి పోతున్నానని ఊళ్ళో చెప్పి బహ్రెయిన్‌లో దిగింది. వాళ్ళకు ఈ దేశాలన్నీ దుబాయే. మా ఇంటికి రాకముందు ముహర్రక్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పదిహేడేళ్ళు చేసింది. ఆ ఇంటి పెద్దావిడ సిరియా నుంచి వచ్చిన కోడలట. రోజుకు నాలుగుసార్లు టర్కీ కాఫీ పడాలట. ఆవిడ పోయాక గౌరవ్వ మా దగ్గర చేరింది. మా పేరు మీద వీసా, మా బీరువాలో పాస్‌పోర్టు. పాస్‌పోర్టు నీ దగ్గర ఎందుకని మా పక్క ఫ్లాటు తెలుగావిడ సాయికుమారి ఒకసారి నలుగురిలో అడిగింది. అది పోకుండా దాచాను గానీ ఆవిడ పోకుండా కాదు అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఆయన వీరభద్రం పనిచేసే కంపెనీలో పై అధికారి టర్కీ మనిషి. ఆయన భార్య నెర్మిన్ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఇత్తడి ఫిల్టరు తీసి, చిక్కటి డికాషన్ దింపి, మంచి కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, మర్యాదగా నవ్వి, గ్లాసు పూలకుండీ పక్కన పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. నా మొహం మాడిపోయింది. అప్పుడు వంటింట్లోంచి గౌరవ్వ మెల్లగా పిలిచింది.

"అమ్మా, ఆమెకు నేను చేసియ్యాల్నా? వాళ్ళు తాగేది నాకెరుకనే."

తన సంచిలోంచి పొడుగు పిడి ఉన్న రాగి గిన్నె ఒకటి తీసింది. ముహర్రక్ పెద్దావిడ ఇచ్చిందట. పసుపంత మెత్తటి కాఫీ పొడి పొట్లం కూడా ఉంది. పది నిమిషాల్లో చిన్న కప్పు నా చేతిలో పెట్టింది. పైన వేలెడు మందాన గోధుమరంగు నురగ. నెర్మిన్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. "మా అమ్మ చేసినట్టే ఉంది. ఎవరు చేశారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నేనే" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ట్రే నా చేతుల్లో ఉంది మరి. ట్రే పట్టుకున్న మనిషిని అడిగితే ఇంకేం చెబుతుంది?

ఆ తర్వాత ప్రతి గురువారం నాలుగున్నరకు నెర్మిన్ మా ఇంట్లో ఉండేది. ఆవిడ వెంట ఇంకో ముగ్గురు నలుగురు. ఆరేళ్ళుగా మమ్మల్ని లిఫ్టులో చూసి కూడా చూడనట్టు నిలబడ్డ ఆడవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. సూర్యప్రభ కాఫీ అని దానికో పేరు పడింది. గౌరవ్వను మాత్రం ఆ రెండు గంటలూ వంటింటి తలుపు వేసుకుని లోపలే ఉండమనేదాన్ని. ఉండేది. కప్పులు లోపలి నుంచి నిండుగా వచ్చేవి, ఖాళీగా వెళ్ళేవి.

గౌరవ్వకు ఒక్కతే కూతురు. పేరు స్వర్ణ. ఆ పిల్లకు రెండేళ్ళప్పుడు మొగుడు పోతే, తమ్ముడు మల్లేష్ దగ్గర వదిలి ఇక్కడికొచ్చింది. పిల్ల పెరగడం ఫోనులో చూసింది. పోయినేడు పెళ్ళి కూడా ఫోనులోనే చూసింది, అప్పుడు వీసా మా పేరుకు మారుతోంది, కదలడానికి లేదు. జనవరిలో ఒకరోజు నా కాళ్ళ దగ్గర కూర్చుని గోరింటాకు నూరుతూ అడిగింది.

"స్వర్ణకు ఐదో నెల అమ్మా. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లనే చెయ్యాలె కద. పెండ్లి ఫోన్ల చూసిన. కాన్పుకన్న పోత. రెండు నెలలు. మళ్ల వత్త."

వెళ్దువుగాని అన్నాను. జనవరిలో మే నెల చాలా దూరం. దూరంగా ఉన్నదానికి మాట ఇవ్వడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు.

ఏప్రిల్ వచ్చేసరికి లెక్క వేసుకున్నాను. రెండు నెలలంటే తొమ్మిది గురువారాలు. తొమ్మిది గురువారాలు నెర్మిన్‌కి ఏం చెప్పాలి? చేయి నొప్పి అనాలా? పొడి దొరకలేదనాలా? అప్పుడు గౌరవ్వను పిలిచి చెప్పాను. "నాకు నేర్పు. నా చేయి కుదిరిన రోజున నీ టికెట్టు కొంటాను."

దాని మొహం ఎంత వెలిగిపోయిందో! ఇంతేనా అన్నట్టు చూసింది. "గదెంత పని అమ్మా, రెండు దినాల్ల వత్తది" అంది.

రెండు రోజుల్లో రాలేదు. రెండు వారాల్లోనూ రాలేదు. చల్లటి నీళ్ళు కప్పుతోనే కొలవాలి. కప్పుకొక చెంచా పొడి, చక్కెర ముందే వేసి కలపాలి, పొయ్యి మీద పెట్టాక చెంచా ముట్టించకూడదు. మంట సన్నగా ఉండాలి. అంచుల దగ్గర నురగ మొదలై నడిమికి కమ్ముకుంటూ వస్తుంది. నడిమి కన్ను మూసుకోబోయే ముందు దించేయాలి. ఆ నురగను ముందు అన్ని కప్పులకూ సమానంగా పంచి, మళ్ళీ ఒకసారి పొయ్యి మీద పెట్టి, కప్పు అంచు నుంచి మెల్లగా పోయాలి. నురగ లేని కప్పు అతిథికి ఇస్తే మొహం మీద తలుపు వేసినట్టేనట. ఇదంతా నాకు బట్టీ వచ్చేసింది. చేయి మాత్రం వినేది కాదు. నురగ లేస్తుంటే నా కడుపులో ఏదో సంతోషం, ఇంకాస్త, ఇంకాస్త అని. అంతలో బుస్సుమని పొంగి పొయ్యంతా నల్లగా అయ్యేది. గిన్నెలో మిగిలింది బురదనీళ్ళు.

"పొంగనియ్యొద్దమ్మా" అనేది గౌరవ్వ. "కండ్లు తియ్యకుండ్రి. మీరు ముచ్చట పెట్టుకుంట చేత్తున్నరు. దాని దిక్కే చూడాలె."

ఒకసారి పొంగు వస్తుందనగా గబుక్కున నా మణికట్టు పట్టుకుని గిన్నె పైకి లేపింది. నేను చేయి విదిలించుకున్నాను. "ముట్టుకోకు" అన్నాను. వేడి కాఫీ దాని మోచేతి మీద పడింది. పంపు కింద చేయి పెట్టుకుని నిలబడింది. నాకు జాలి వేయలేదు, కోపం వచ్చింది. ఏదో దాస్తోందనిపించింది. పొడిలో ఏదైనా కలుపుతోందేమోనని డబ్బా మార్చాను. గిన్నెలో మహిమ ఉందేమోనని దాని గిన్నె నేను తీసుకుని, కొత్తది దానికిచ్చాను. కొత్త గిన్నెలోనూ దానికి నురగ వచ్చింది. పాత గిన్నెలోనూ నాకు పొంగింది.

పాడైన కాఫీ పారబోయడం నాకిష్టం లేదు. "తాగెయ్" అనేదాన్ని. రోజుకు నాలుగు కప్పులు, ఐదు కప్పులు, చేదు మడ్డితో సహా నిలబడి తాగేది. నిద్ర పట్టడం లేదమ్మా అని ఒకసారి అంది. నాకు బాగా కుదిరితే నీకు తాగే పని తప్పుతుంది కదా అన్నాను. చమత్కారంగా అన్నాననుకున్నాను. అది కూడా నవ్వింది, పాపం, నవ్వకపోతే బాగుండదని.

స్వర్ణకు ఎనిమిదో నెల వెళ్ళిపోయింది. తొమ్మిది పడింది. గౌరవ్వ అడగడం మానేసింది. అడగడానికి బదులు మధ్యాహ్నం అంట్లు కాగానే గిన్నె, పొడి, నీళ్ళు నా ముందు సర్ది పెట్టి నిలబడేది. బళ్ళో పిల్లకు పలక ఇచ్చి నిలబడ్డ పంతులమ్మలాగా. ఆ నిలబడడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మే నెల రెండో వారంలో నెర్మిన్ ఫోను చేసి, ఇస్తాంబుల్ నుంచి వాళ్ళమ్మ వచ్చిందని చెప్పింది. కూతుర్ని చూసి నాలుగేళ్ళయిందని వచ్చిందట. "మా అమ్మకు నీ కాఫీ గురించి చెప్పాను. నమ్మడం లేదు. గురువారం తీసుకొస్తాను" అంది. నాకు ఆ వారమంతా నేల మీద కాలు నిలవలేదు. తన చేతి కాఫీలాగే ఉందని ఆ పెద్దావిడ నోటితో అంటే ఇంక బహ్రెయిన్‌లో నాకు తిరుగేముంది?

ఆ గురువారం మధ్యాహ్నం మూడుంపావుకు గౌరవ్వ ఫోను మోగింది. డ్యూటీ వేళల్లో దాని ఫోను నా గదిలో డ్రాయరులో ఉంటుంది, ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా. మామూలుగా మోగి ఆగిపోతుంది. ఆ రోజు ఆగలేదు. విసుక్కుంటూ తీశాను.

"అక్కా..."

"నేను మేడంని."

"మేడం, నేను మల్లేష్‌ని. గౌరవ్వ తమ్మున్ని. స్వర్ణ పోయింది మేడం."

నేను మంచం మీద కూర్చున్నాను.

"పొద్దుగాల ఫిట్సు వచ్చినయి. కరీంనగర్ తోలుకపోయినం. పెద్దాపరేషన్ చేసి ఆడివిల్లను తీసిండ్రు. పిల్ల మంచిగనే ఉన్నది. తల్లి దక్కలే." కాసేపు ఏడ్చాడు. మళ్ళీ తమాయించుకున్నాడు. "అక్కకు ఇప్పుడే చెప్పకుండ్రి. స్వర్ణకు పానం బాగలేదని చెప్పి ఎక్కియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత. రేపు పొద్దుగాల పదింటిదాంక ఉంచుతం. ఎండలు మండుతున్నయి, అంతకంటె ఉంచలేం. ఒక్కసారి బిడ్డ ముఖం చూసుకుంటది మేడం. పెండ్లి గూడ చూడకపాయె."

పంపిస్తాను అన్నాను. మా ఆయనకు ఫోను చేశాను. ఆయన అయిదు నిమిషాల్లో కనుక్కుని మళ్ళీ చేశారు. సాయంత్రం ఏడున్నరకు విమానం ఉంది, సీటు కూడా ఉంది. రాత్రి రెండింటికి హైదరాబాద్, అక్కడి నుంచి కారులో ఎనిమిదికల్లా ఊళ్ళో ఉంటుంది. ఆ తర్వాతది రేపు ఉదయం పదింటికి. "అయిదుకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. నేను బయల్దేరుతున్నాను. బట్టలు సర్దుకోమను" అన్నారు. ఎయిర్‌పోర్టు ఉన్న ముహర్రక్ మా ఇంటి నుంచి పావుగంట.

"రేపటిది తీయండి" అన్నాను.

"రేపటిది ఎక్కితే అందదు సూర్యా. అక్కడ దిగేసరికే సాయంత్రమవుతుంది."

"నాలుగున్నరకు నెర్మిన్ వాళ్ళమ్మ వస్తోంది."

ఆయన వెనక ఎవరో ప్రింటరు గురించి అరుస్తున్నారు. "ఇది చావు..." అన్నారు చివరికి.

"చావు ఎలాగూ అయిపోయింది కదండీ" అన్నాను నేను.

ఈ మాట నేనే అన్నాను. ఇంకెవరి నోట్లోనూ పెట్టలేను. మా ఆయన ఏ మాటా రెండోసారి అనే మనిషి కాదు. అది ఆయన మంచితనమని పాతికేళ్ళుగా అందరికీ చెప్పుకున్నాను. "నీ ఇష్టం" అని పెట్టేశారు.

ఊళ్ళో ఎవరైనా పోతే ఆ మాట ఇక్కడి మనిషికి చెప్పకపోవడం మనవాళ్ళందరూ పాటించే పద్ధతే. సీరియస్‌గా ఉంది అంటారు, టికెట్టు చేతిలో పెడతారు, విమానం ఎక్కిస్తారు. మనిషి దారిలో కూలిపోకుండా ఇంటికి చేరాలని పుట్టిన అబద్ధం అది. నేను దాన్ని మనిషిని ఆపడానికి వాడుకున్నాను. పైగా, తమ్ముడే చెప్పొద్దన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఫోను ఆపేసి డ్రాయరులో పెట్టి, చీర మార్చుకున్నాను.

వంటింట్లో గౌరవ్వ కప్పులు తుడుస్తోంది. అంచుకు బంగారు గీత ఉన్న ఆరు చిన్న కప్పులు. "ఫోను మోగినట్టాయె అమ్మా" అంది.

"నాదే."

దాని మొహం చూడలేకపోయాను. ఎక్కడ చూడాలో తెలియలేదు. కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు గోడ. నేల చూస్తే దాని పాదాలు. నాలుగున్నర దాటింది, గంట మోగింది, వాళ్ళను కూర్చోబెట్టి మళ్ళీ వచ్చాను. చేతులకు ఏదో ఒక పని కావాలి. "ఇవాళ నేను పెడతాను. చెడితే నువ్వు చేద్దువుగాని" అని గిన్నె తీసుకున్నాను.

నీళ్ళు కొలిచాను. పొడి, చక్కెర వేశాను, కలిపాను, సన్నటి మంట మీద పెట్టాను. గౌరవ్వ నా వెనక నిలబడి చెబుతూనే ఉంది, కాఫీ గురించి కాదు, కూతురి గురించి. రాత్రి ఫోనులో కాళ్ళు వాచాయని చెప్పిందట. చెప్పులు పట్టడం లేదట. తలనొప్పి అందట. "తొలుసూరు గద అమ్మా, భయపడుతున్నది. నేనుంటే కాళ్లకు కాపడం పెడుదు. మొన్నటికెల్లి మామిడికాయ తొక్కు అడుగుతున్నది. నేను పోయినంక పెడుత అన్న." నేను తల తిప్పలేదు. తిప్పితే దాని మొహం కనిపిస్తుంది. గిన్నెను తప్ప దేన్నీ చూడలేదు. ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అంచుల దగ్గర నురగ మొదలైంది. చిక్కగా, తొందర లేకుండా నడిమికి కమ్ముకుంది. నడిమి కన్ను మూసుకోబోతుండగా నా చేయి దానంతట అదే లేచింది.

పొంగలేదు.

చెంచాతో ఆరు కప్పులకూ పంచాను. అన్నింటికీ సరిపోయింది. మళ్ళీ ఒకసారి పొయ్యి మీద పెట్టి మిగతాది పోశాను. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. గౌరవ్వ చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది.

"వచ్చిందమ్మా! వచ్చింది! సూడుండ్రి, ఎంత ముద్దుగున్నదో. ఇగ నన్ను పంపుతరా?"

"పంపిస్తాను. రేపే."

"రేపేనా!" అని వంగి నా కాళ్ళు ముట్టుకుంది. చేతిలో నిండు కప్పుల ట్రే ఉంది, తొణుకుతుందని నేను వెనక్కి జరగలేదు.

ఆ రోజు నుంచి నా చేతిలో కాఫీ ఒక్కసారి కూడా పొంగలేదు. కావాలని పొంగిద్దామని చూసినా పొంగదు.

హాల్లో నెర్మిన్ వాళ్ళమ్మ కప్పు రెండు చేతులతో పట్టుకుని ముందు నురగ చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత తాగింది. టర్కీ భాషలో ఏదో అంది. నెర్మిన్ నవ్వుతూ ఇంగ్లీషులోకి మార్చింది. "ఈ ఇంట్లో ఎవరికో చాలా ఓపిక ఉంది అంటోంది మా అమ్మ." అందరూ నన్ను చూశారు. సాయికుమారి కూడా చూసింది, కడుపుమంట దాచుకుంటూ. నేను తల వంచి నవ్వాను. గోడ మీద గడియారంలో అయిదైంది. పెద్దావిడ కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దుతూ తాపీగా తాగింది. అయిదున్నరైంది. ఖాళీ కప్పులు సాసర్లలో బోర్లించారు, మడ్డి గీతల్లో జోస్యం చూస్తుందట పెద్దావిడ. నీదీ బోర్లించమంది. నేను బోర్లించలేదు. తలనొప్పి అన్నాను. ఆరున్నర దాటాక లేచారు. నెర్మిన్ నన్ను కౌగలించుకుంది. వాళ్ళమ్మ నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకు అద్దుకుంది. ఏం చేస్తాను, అద్దుకోనిచ్చాను.

వంటింటి తలుపు తీసేసరికి గుమ్మం పక్కన సంచి సర్ది ఉంది. జిప్పు పూర్తిగా పడక పైన ఒక ఊలు టోపీ కనిపిస్తోంది, పిడికెడంత ఉంది. జిదాఫ్స్ బజారులో పోయిన నెల కొన్నదట. రాత్రి పడుకునే ముందు నల్లపూసల మొలతాడు కూడా కట్టి ఉంచుకుందట. అన్నీ నాకు తీసి చూపించింది. చూపించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని అడిగింది. "అమ్మా, ఒక్కసారి ఫోనియ్యుండ్రి. రేపు వత్తున్ననని బిడ్డకు చెప్త."

ఏదో ఒకటి చెప్పాలి. జబ్బుగా ఉంది అని చెప్పమన్నాడు తమ్ముడు. అలా చెబితే ఇప్పుడే పంపమంటుంది, ఇవాళ విమానం లేదా అని అడుగుతుంది. నిజం చెబితే ఎప్పుడు తెలిసింది అంటుంది. నేను ఆ రెండూ చెప్పలేదు.

"నీకు మనవరాలు పుట్టింది గౌరవ్వా" అన్నాను. "ఇందాకే కబురొచ్చింది. పిల్ల బాగుంది."

నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కూలబడి, లేచి, మళ్ళీ కూలబడింది. "ఆడివిల్లనా! నా స్వర్ణ అసొంటిదే అయితది. అది పుట్టినప్పుడు గింత జుట్టుండె అమ్మా." ఏడుస్తూ నవ్వుతూ రాగి గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టింది. మా ఇంట్లో చేరాక మొదటిసారి నన్ను అడగకుండా పెట్టింది. చక్కెర రెండింతలు వేసింది. "తియ్యగ తాగాలె ఇయ్యాల. మీరు నా కోసమే నేర్చుకుంటిరి." నురగంతా నా కప్పులోనే వేసి ఇచ్చింది. కిటికీ అవతల చీకటి పడుతోంది. ముహర్రక్ వైపు నుంచి ఒక విమానం లేచి, గోడ పక్కగా వెళ్ళి కనిపించకుండా పోయింది.

"నా స్వర్ణ ఎట్లున్నదమ్మా? మాట్లాడిందా?"

నేను కాఫీ తాగాను. ఒక గుక్క, ఇంకో గుక్క. నోరు కాలింది.

"నిద్రపోతోందట" అన్నాను. "లేపొద్దన్నారు."

"పండుకోనియ్యుండ్రి, పండుకోనియ్యుండ్రి" అంది గౌరవ్వ. వెంటనే గొంతు తగ్గించేసింది. "పానం అలిసిపోయి ఉంటది బిడ్డకు. ఫోను వద్దు తియ్యుండ్రి. పొయ్యినంక ముఖమే చూత్త."

తర్వాత సింకు దగ్గర నిలబడి ఆరు కప్పులూ, గిన్నే, చెంచాలూ ఒక్కొక్కటిగా, చప్పుడు కాకుండా కడిగింది.